మీ ప్రశ్న, డాక్టరు జవాబు: సీఎంఎల్ మాత్ర, దాని వెనకున్న మొండిమనిషి

పోయిన సంచికలో సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ గురించి నాలుగు ముక్కలు రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే ఉన్నాయి. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: ఎంబీబీఎస్ ఫైనలియర్ చదువుతున్నాను. పేషెంట్లని చూడటమూ ఇష్టమే, ల్యాబ్‌లో పనీ ఇష్టమే. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతావని సీనియర్లు భయపెడుతున్నారు. రెండూ చేసి గట్టెక్కినవాళ్లు ఉన్నారా సార్? (ఒక మెడికో, కాకినాడ)

జవాబు: ఉన్నారమ్మా. నాకు ముందుగా గుర్తొచ్చే పేరు బ్రయన్ డ్రకర్. ఆయన ఎందుకు గుర్తొస్తాడో చెప్పాలంటే నా పీజీ రోజుల దగ్గర మొదలుపెట్టాలి. అవి 1990ల చివరి సంవత్సరాలు. సీఎంఎల్ పేషెంటు వార్డులోకి వస్తే పొట్ట చూడగానే తెలిసిపోయేది, ప్లీహం పెరిగి బొడ్డు దాకా దిగి ఉండేది, తెల్లకణాలు లక్షల్లో ఉండేవి. హైడ్రాక్సీయూరియా ఇస్తే కౌంటు తగ్గేది గానీ జబ్బు తగ్గేది కాదు. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు కొనగలిగినవాళ్లకేమో చలిజ్వరం, ఒళ్లునొప్పులు, ఏడుపు. ఎముక మూలుగ మార్పిడి దాకా వెళ్లగలిగినవాళ్లు ఎంతమందని? మిగతావాళ్లకి మూడేళ్లా, ఐదేళ్లా అని మనసులో లెక్కేసుకుని పైకి మాత్రం "చూద్దాం" అనేవాళ్లం.

సరిగ్గా అప్పుడే అమెరికాలో, పోర్ట్‌లాండ్‌లోని ఓరెగాన్ వైద్య విశ్వవిద్యాలయంలో డ్రకర్ ఇదే జబ్బుకి ఒక మాత్రను పేషెంట్ల మీద పరీక్షిస్తున్నాడు. మాకు ఆ సంగతి తెలియదు.

1955లో పుట్టిన డ్రకర్ 1981లో ఎండీ అయ్యి, బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థలో చేరాడు. అక్కడ ల్యాబ్‌లో టైరోసిన్ కైనేజ్‌ల మీద పని. పేరు చూసి బెదరకు, కణానికి "పెరుగు" అని సంకేతమిచ్చే ఎంజైములవి. సీఎంఎల్‌లో జరిగేదేంటంటే, 9వ క్రోమోజోమ్‌లోంచి ఒక ముక్క, 22వ దాంట్లోంచి ఒక ముక్క తెగి చోట్లు మార్చుకుంటాయి. అలా పొట్టిగా మిగిలిన 22వ క్రోమోజోమ్‌ని 1960లో ఫిలడెల్ఫియాలో గుర్తించారు, అందుకే దానికి ఆ ఊరి పేరు. ముక్కలు చోట్లు మారాయని 1973లో తేల్చింది షికాగోలోని జానెట్ రౌలీ, ఆవిడా డాక్టరే, నీ సీనియర్లకి ఈ పేరు కూడా చెప్పు. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు తయారవుతుంది, అది చేసే కైనేజ్ వాషర్ పోయిన కుళాయి లాంటిది, ఎంత తిప్పినా కట్టడం కుదరదు, తెల్లకణాలు అలా పుడుతూనే ఉంటాయి.

ఆ కుళాయి ఎంత ధారగా పోతోందో కొలవడానికి పనికొచ్చే యాంటీబాడీని తయారుచేసినవాళ్లలో డ్రకర్ ఒకడు. స్విట్జర్లాండ్‌లో సిబా-గైగీ కంపెనీలో నిక్ లైడన్ బృందం కైనేజ్‌లని ఆపే రసాయనాలు చేస్తోంది. ఇద్దరికీ పరిచయం ఉంది, కానీ డానా-ఫార్బర్‌కి పోటీ కంపెనీ శాండోజ్‌తో ఒప్పందం ఉండటంతో కలిసి పనిచేయడం కుదరలేదు. 1993లో డ్రకర్ ఓరెగాన్‌కి మారిపోయి, లైడన్‌కి ఫోన్ చేసి, ఆ రసాయనాలు పంపమన్నాడు. అందులో ఒకటి సీఎంఎల్ కణాల్ని చంపి మామూలు కణాల్ని దాదాపు ముట్టుకోలేదు. 1996లో పేపర్ వచ్చింది.

ఇంకేం, మందు దొరికినట్టే కదా అనుకుంటాం. కానీ అదే ఏడాది సిబా-గైగీ, శాండోజ్ కలిసిపోయి నోవార్టిస్ అయ్యాయి, కుక్కల మీద పరీక్షల్లో లివర్ దెబ్బతిన్నట్టు కనిపించింది, పైగా అమెరికాలో ఏటా కొన్ని వేలమందికే వచ్చే జబ్బు, అమ్మితే ఎంతొస్తుందని కంపెనీలో గుసగుస. ల్యాబ్ మనిషి మాత్రమే అయ్యుంటే పేపర్ వచ్చింది చాలనుకుని ఇంకో పని చూసుకునేవాడు. డ్రకర్‌కి రోజూ ఓపీలో ఎదురుగా పేషెంట్లు కూర్చుంటున్నారు, అందుకే వెంటపడ్డాడని నా నమ్మకం. చివరికి 1998 జూన్‌లో తొలి పరీక్ష మొదలైంది, లాస్ ఏంజెలిస్‌లో చార్ల్స్ సాయర్స్, హ్యూస్టన్‌లో మోషే తాల్పాజ్ తోడు. డోసు రోజుకి 300 మిల్లీగ్రాములు, ఆపైకి చేరాక, ఇంటర్‌ఫెరాన్ పనిచేయని 54 మందిలో 53 మందికి రక్తం కౌంటు పూర్తిగా మామూలైంది. తొలిదశ పరీక్షలో అలాంటి అంకె చూడటం మా వృత్తిలో జరగదు, జరిగితే ఎక్కడో లెక్క తప్పిందనుకుంటాం.

మాట బయటికి పాకింది. పేషెంట్లు ఇంటర్నెట్‌లో ఒకరికొకరు చెప్పుకుని, మందు ఎక్కువ తయారుచేయండని వేలమంది సంతకాలతో 1999లో కంపెనీకి అర్జీ పెట్టారు. 2001 మే 10న అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. అదే ఇమాటినిబ్, గ్లివెక్. 2009లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ పురస్కారం డ్రకర్, లైడన్, సాయర్స్‌లకి కలిపి ఇచ్చారు.

పడవల సంగతి అడిగావు కాబట్టి ఒకటి చెప్తాను. 1981లో ఎండీ అయితే మందు బయటికొచ్చింది 2001లో. ఇరవై ఏళ్లు. ఈ ఇరవై ఏళ్ల లెక్క ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టుకో.

ప్రశ్న: మా ఆయన ఆరేళ్లుగా రోజూ ఇమాటినిబ్ 400 వేసుకుంటున్నారు. రెండేళ్లుగా రిపోర్టులో జీరో వస్తోంది. ఇక మాత్ర ఎందుకు, ఆపేస్తానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. (ఒక గృహిణి, నిజామాబాద్)

జవాబు: ఆయన అడిగినదాంట్లో తప్పులేదమ్మా, ఆపడం అనేది ఇప్పుడు నిజంగానే ఉంది. ఫ్రాన్స్‌లో జబ్బు జాడ కనిపించని 100 మందికి మాత్ర ఆపి చూస్తే దాదాపు 40 మందికి తిరిగి రాలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే వచ్చింది, మళ్లీ మాత్ర మొదలుపెడితే దాదాపు అందరికీ అదుపులోకి వచ్చింది.

అయితే "జీరో" అన్న మాట దగ్గర ఆగండి. అది మామూలు రక్తపరీక్ష జీరోనా, రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ జన్యువు జాడ వెతికే పీసీఆర్ పరీక్ష జీరోనా? కౌంటు బాగుంటే జబ్బు పోయిందనుకుని వచ్చేవాళ్లని నెలకి ఇద్దరినైనా చూస్తుంటాను. పీసీఆర్‌లో 0.01 శాతం, అంతకన్నా తక్కువ, రెండేళ్లు వరసగా నిలిచి ఉండాలి, మధ్యలో జబ్బు ముదిరిన చరిత్ర ఉండకూడదు, ఆపాక మొదటి ఆరు నెలలు నెలనెలా పీసీఆర్ చేయించుకోగలగాలి. ఈ మూడోది మన దగ్గర కష్టం, డబ్బూ ప్రయాణమూ రెండూనూ. అది కుదరదనుకుంటే మాత్ర వేసుకోవడమే మంచిది. ఆపిన కొందరికి కొన్నాళ్లు కీళ్లు, కండరాలు నొప్పులు పుడతాయి, అది జబ్బు కాదు.

చేయకూడనిది ఒకటే, డాక్టరుకి చెప్పకుండా రోజు విడిచి రోజు వేసుకోవడం. అలా సగం సగం వేసుకుంటే జబ్బు మాత్రకి లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. కళ్ల కింద వాపు, పిక్కలు పట్టేయడం భరించలేక మానేస్తున్నారేమో నెమ్మదిగా అడగండి. భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుంటే కడుపులో తిప్పడం చాలా తగ్గుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఏఎంఎల్ అనే ఇంకో రకం బ్లడ్ క్యాన్సర్ అన్నారు. ఈ మాత్ర వాడికి పనిచేయదా? (ఒక తండ్రి, కర్నూలు)

జవాబు: లేదండీ, ఆ ఆశ పెట్టుకోవద్దు. సీఎంఎల్‌లో తప్పు దాదాపు అందరిలో ఒకటే, ఏఎంఎల్‌లో ఒక్కొక్కరికి ఒక్కో రకం, ఒకే మనిషిలో నాలుగైదు కలిసి కూడా ఉంటాయి. డ్రకరే తర్వాత ఏఎంఎల్ మీద పడ్డాడు, వందలమంది పేషెంట్ల కణాల జన్యువులు చదివి ఏ మందుకి ఏవి లొంగుతాయో చూసే పెద్ద పని అది. ఎఫ్ఎల్‌టీ3 లాంటి జన్యువుల్లో వచ్చే కొన్ని మార్పులకి ఇప్పుడు మాత్రలున్నాయి, బాబుకి ఆ జన్యు పరీక్షలు చేశారా అని మీ డాక్టరుని ఈ వారమే అడగండి.

ప్రశ్న: డ్రకర్, డ్రకర్ అంటున్నారు, బ్లడ్ క్యాన్సర్‌కి మందిచ్చింది మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కదా? (ఒక అభిమాని, భీమవరం)

జవాబు: కోపం వద్దండీ, ఆయన దగ్గరికే వస్తున్నా. సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేస్తున్నప్పుడు, బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్ రకాలు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా వేగం పెరిగినట్టు ఆయనకి అనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడేది కావాలి అన్నాడు. సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అలాంటి మందుల్లో ఒకటి అమైనాప్టెరిన్. 1948లో ఫార్బర్ పేపర్: 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. తర్వాత మళ్లీ తిరగబెట్టింది, నిజమే, కానీ అంతకుముందు అదీ లేదు. దాని చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్‌ని ఈరోజుకీ పిల్లల లుకేమియాలో రాస్తున్నాం. సుబ్బారావు గారు అదే ఏడాది ఆగస్టులో 53 ఏళ్లకే పోయారు. డ్రకర్ చదువుకున్న డానా-ఫార్బర్ పేరులో ఉన్నది ఈ ఫార్బరే, కాబట్టి మీ ఊరికీ ఆ మాత్రకీ దూరపు చుట్టరికం ఉంది.

ప్రశ్న: ఈ మాత్రతో డ్రకర్ కోట్లు గడించి ఉంటాడు కదా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: పేటెంటు కంపెనీది, మందు మీద ఆయనకి రాయల్టీ లేదు. పైగా 2013లో వందమందికి పైగా సీఎంఎల్ నిపుణులు ఈ మందుల ధరలు అన్యాయమని ఒక వైద్య పత్రికలో రాస్తే ఆయనా సంతకం పెట్టాడు. అమెరికాలో 2001లో ఏడాదికి సుమారు 30,000 డాలర్లున్న గ్లివెక్ 2012కి 92,000 అయింది మరి.

మన కథ మీ ఊళ్లోనే ఉంది. హైదరాబాద్ కంపెనీ నాట్కో 2003లో జనరిక్ తెచ్చింది. మధ్యలో నోవార్టిస్‌కి ప్రత్యేక అమ్మకపు హక్కులు వచ్చాయి, చెన్నై పేటెంట్ ఆఫీసులో 2006లో దరఖాస్తు తిరస్కరించారు, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా కుదరదంది. అప్పట్లో నెలకి సుమారు 1,20,000 రూపాయల గ్లివెక్ ఎక్కడ, 10,000 లోపు జనరిక్ ఎక్కడ. నోవార్టిస్ మన దేశంలో చాలామందికి ఉచితంగా ఇచ్చిన మాటా నిజమే, నా పేషెంట్లలోనూ ఉన్నారు.

జనరిక్ వాడేవాళ్లు ఒక పని చేయండి, మందుల షాపువాడు ఇచ్చిన కంపెనీ మారినప్పుడల్లా తేదీతో సహా ఫైల్లో రాసిపెట్టుకోండి. తర్వాత పీసీఆర్‌లో తేడా వస్తే మేం ముందు అడిగేది అదే.