తండ్రి దగ్గరే ఉందిగా అంటున్నారు

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. గొడవల వల్ల ఏడాదిగా పాపతో పుట్టింట్లో ఉంటున్నాను. మా ఆయన హైదరాబాద్‌లో ఉంటారు. నానమ్మకు చూపించి తెస్తానని దసరాకు పాపను తీసుకెళ్లి, మళ్లీ పంపలేదు. మూడు నెలలైంది. పాపకు నాలుగేళ్లు. ఫోన్ చేస్తే ‘నిద్రపోయింది’ అంటారు. స్టేషన్‌కు వెళితే ‘తండ్రి దగ్గరే ఉందిగా’ అన్నారు. తమ్ముడు కారేసుకెళ్లి ఎత్తుకొస్తానంటున్నాడు. గుమ్మంలో పాప చెప్పులు తీయనివ్వడం లేదని అమ్మ విసుక్కుంటోంది. నిద్ర పట్టదు. నాకు పిచ్చెక్కుతోందా?

జవాబు: లేదమ్మా. చెప్పులు అక్కడే ఉండనివ్వండి, నేను చెప్పానని మీ అమ్మగారితో అనండి. మనిషి పోతే దినాలుంటాయి, పలకరించడానికి నలుగురు వస్తారు. మీ పాప బస్సెక్కితే ఐదారు గంటల దూరంలో క్షేమంగా ఉంది, కానీ మీ పక్కన లేదు. అందుకే మీ ఏడుపు ఎవరికీ లెక్కలోకి రావడం లేదు. ఫోన్ మోగితే ఆశ, పెట్టేస్తే మళ్లీ మొదటికి. ఇలా ఉంటే ఎవరికి నిద్ర పడుతుంది? మరీ భరించలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చుండదు.

తండ్రి మీద కిడ్నాప్ కేసు నిలవడం కష్టమే, ఆ మాట నిజం. కానీ మీరు వెళ్లాల్సింది కోర్టుకు. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతోంది. పాప ఉంటూ వచ్చింది ఇక్కడే కాబట్టి విజయవాడ ఫ్యామిలీ కోర్టులోనే పిటిషన్ వేయొచ్చు. కేసు తేలేలోగా పాపను చూడడానికి, వీడియో కాల్‌లో మాట్లాడడానికి మధ్యంతర ఉత్తర్వు అడగమని లాయర్‌కు గట్టిగా చెప్పండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

సంక్రాంతి వెళ్లాక పెద్దమనుషులు మాట్లాడతారని మాత్రం ఆగకండి. పాప అక్కడి బడికి, మనుషులకు అలవాటు పడితే కోర్టు దాన్నీ చూస్తుంది. ఇక మీ తమ్ముడి సంగతి. మీ ఆయన చేసిన పనే మీరూ చేస్తే పాప రెండోసారి బెదిరిపోతుంది, కోర్టులో మీ మాటా తేలిపోతుంది. కారు తాళాలు తీసి దాచండి, నవ్వులాటకు అనడం లేదు.

పాప లైన్లోకి వచ్చిన రోజున ‘ఎప్పుడొస్తావ్’ అని ఏడవకండి. ‘ఇవాళ ఏం తిన్నావురా’ అని అడగండి. రానివ్వని రోజున తేదీ, టైము ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. సాయంత్రం ఆరున్నరకే నిద్రపోయిందన్నారా? అదీ రాయండి. రేపు లాయర్ దగ్గరికి ఆ పుస్తకం పట్టుకెళ్లండి.