మంచు ఇంట్లో దీపం, ఐసు కింద సీల్

ప్రశ్న: ఎస్కిమోల కథ చదివి వినిపిస్తుంటే మా పాప మధ్యలో ఆపేసి, “మంచు ఇంట్లో దీపం పెడితే ఇల్లు కరిగిపోదా?” అంది. ఏం చెప్పాలి?

జవాబు: కరుగుతుందనే చెప్పండి, కాకపోతే కొంచెమే. గోడ లోపలి పొర తడిసి, బయటి చలికి మళ్లీ గడ్డకట్టి గాజులా బిగుసుకుంటుంది. ఇల్లు ఇంకా గట్టిపడుతుంది. ఎక్కడైనా చుక్క కారితే అక్కడ కాస్త మంచు అద్దితే సరి, అది నీటిని పీల్చుకుంటుంది.

ఆ దీపానికి కథల్లో రావలసినంత చోటు రావడం లేదు. పేరు కుల్లిక్. సబ్బురాయిని నెలవంకలా తొలిచిన పళ్లెం అది. సీల్ అనే సముద్ర జంతువు కొవ్వు నూనె పోసి, అంచు పొడవునా నాచు, పత్తిగడ్డి దూది కలిపి ఒత్తిగా పేరుస్తారు. మంట పళ్లవరుసలా పొట్టిగా, సమంగా ఉండాలి. ఒక్కచోట ఎగిసినా మసి పడుతుంది. అందుకే ఇంటి ఇల్లాలు చిన్న పుల్లతో ఒత్తిని అణుస్తూ, జరుపుతూ ఉంటుంది. మంచు కరిగించి తాగేనీళ్లు చేయడం, వంట, తడిసిన బూట్లు ఆరబెట్టడం అన్నీ దాని మీదే. ఇంటి పైకప్పులో గాలి కోసం పెట్టిన కంత మాత్రం మూసుకుపోకూడదు. మూసుకుపోతే లోపలున్నవాళ్లు నిద్రలోనే ఊపిరాడక పోతారు.

బొమ్మలు వేసేవాళ్లకో మాట: మంచు దిమ్మెలను ఇటుకల వరుసల్లా గీయకండి. మొదటి వరుసను ఏటవాలుగా కోసి, అక్కడినుంచి మెలికలు తిరుగుతూ పైకి పేరుస్తారు. ప్రతి దిమ్మె లోపలికి వాలుతుంది. మంచు కూడా ఒకే తుపానులో గాలికి గట్టిపడినదై ఉండాలి. పొరలు పొరలుగా పడినదైతే కోసేటప్పుడే విరుగుతుంది.

ప్రశ్న: ఇప్పటికీ అలాగే ఉంటున్నారా?

జవాబు: లేదు. 1999 ఏప్రిల్ 1న కెనడాలో ఏర్పడిన, వాళ్లు ఎక్కువగా ఉండే నునావుట్ ప్రాంతంలో ఇప్పుడు మామూలు ఇళ్లు, బడులు, స్నోమొబైళ్లు (మంచు మీద నడిచే మోటారు బండ్లు) ఉన్నాయి. మంచు ఇల్లు ఎక్కువగా వేట ప్రయాణాల్లోనే. కాబట్టి కథ ఏ కాలానిదో ముందే చెప్పండి. కెనడాలో ‘ఎస్కిమో’ అన్న మాటను అవమానంగా భావిస్తారు. ఇనుయిట్ అనండి. అది బహువచనమే, ఒక్క మనిషైతే ఇనుక్.

ప్రశ్న: పదేళ్ల అబ్బాయి ఈటె విసిరి సీల్‌ను కొట్టినట్టు, చుట్టూ పెంగ్విన్లు చూస్తున్నట్టు కథ రాశాను. తప్పులున్నాయా?

జవాబు: పెంగ్విన్లను తీసేయండి, ఆర్కిటిక్‌లో అవి లేవు. చలికాలపు సీల్ వేటలో ఈటె దూరం నుంచి విసరరు కూడా. సముద్రం గడ్డకట్టాక సీల్ గోళ్లతో గీకుతూ ఐసులో శ్వాసరంధ్రాలు మూసుకుపోకుండా ఉంచుకుంటుంది. మంచు కప్పేసిన ఆ రంధ్రాన్ని కుక్క వాసన పట్టి చూపిస్తుంది. వేటగాడు అందులో సన్నని పుల్లో, ఈకో నిలబెట్టి, కాళ్ల కింద చర్మపు ముక్క వేసుకుని గంటల తరబడి కదలకుండా నిలబడతాడు. కాలు కదిపితే మంచు కిర్రుమంటుంది. ఆ చప్పుడు నీళ్లలోకి పోతుంది, సీల్ ఇంకో రంధ్రానికి వెళ్లిపోతుంది. పుల్ల కదిలిందా, కిందికి ఒక్క పోటు. హార్పూన్ అనే ఆ వేట ఈటె మొన కర్ర నుంచి విడిపోయి, చర్మం కింద అడ్డం తిరుగుతుంది. దానికి కట్టిన తోలుతాడు చేతిలో ఉంటుంది.

మీ పదేళ్లవాడికి కథలో పని కావాలంటే దూరంగా ఉన్న ఇంకో రంధ్రం దగ్గర తిరగమనండి. అలికిడికి సీల్ తండ్రి కాపుకాసిన వైపు వస్తుంది. ఐసు మీదికి లాగాక దాని నోట్లో కాసిని మంచినీళ్లు పోయించండి. ఉప్పునీళ్లలో బతికిన జంతువుకి దాహంగా ఉంటుందని అలా పోస్తారు.