దగ్గితే లీక్ అవుతోంది, గర్భసంచి తీయించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్లు, స్కూల్ టీచర్ని, ఇద్దరు పిల్లలు, ఇద్దరూ నార్మల్ డెలివరీనే. రెండేళ్లుగా దగ్గినా తుమ్మినా గట్టిగా నవ్వినా యూరిన్ కొంచెం లీక్ అయిపోతోంది. ఈమధ్య అయితే ఇంటికొచ్చి తాళం తీసేలోపే ఆగట్లేదు. బస్సెక్కాలంటే భయం, పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాను, స్కూల్ ఉన్నరోజు మధ్యాహ్నం దాకా నీళ్లే ముట్టను. మావారికి కూడా చెప్పలేదు. గర్భసంచి తీయించేసుకుంటే పోతుందని మా అక్క అంటోంది, నిజమేనా?
- ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు మీ అక్కగారి మాట సంగతి చూద్దామమ్మా. గర్భసంచి తీయించుకుంటే ఇది పోదు. యూరిన్ నిలవుండేది మూత్రసంచిలో, అది కారకుండా పట్టి ఉంచేవి దానికింద ఉండే కండరాలు, కాన్పుల్లో సాగి వదులయ్యింది అవే, గర్భసంచి తీసేస్తే అవి గట్టిపడవు కదా, పైగా ఆ ఆపరేషన్ తర్వాత లీకేజీ మొదలైన వాళ్లూ ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే మన రెండు రాష్ట్రాల్లో 8 శాతం పైనే, ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. గర్భసంచి బాగా కిందికి జారి ఉంటే అది వేరే సంగతి, అది పరీక్ష చేసి చూస్తేనే తెలుస్తుంది.

మీకు రెండు రకాలు కలిసి ఉన్నట్టున్నాయి. దగ్గితే పడేది కండరాల బలహీనత వల్ల, తాళం తీసేలోపు ఆగనిది మూత్రసంచి నిండకముందే ముడుచుకుపోవడం వల్ల. యూరిన్ టెస్టు, షుగర్ టెస్టు చేయించండి, ఇన్ఫెక్షన్ ఉన్నా షుగర్ ఉన్నా ముందు దానికే మందు. తర్వాత ఒక మూడురోజులు ఎన్ని నీళ్లు తాగారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎప్పుడు లీక్ అయింది అని పుస్తకంలో రాసి డాక్టర్‌కి చూపించండి, సగం సంగతి అందులోనే తెలిసిపోతుంది.

అసలు వైద్యం మాత్రం కెగెల్ ఎక్సర్‌సైజులు. గ్యాస్ పోకుండా బిగబట్టుకుంటాం చూడండి, యూరిన్ కూడా ఆపుకుంటున్నట్టు రెండూ ఒకేసారి లోపలికీ పైకీ లాగాలి. 5 సెకన్లు పట్టి ఉంచి 5 సెకన్లు పూర్తిగా వదిలేయాలి, అలవాటయ్యాక 10 సెకన్ల దాకా పెంచుకోవచ్చు, ఒక విడతకి 10, రోజుకి 3 విడతలు. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. చాలామంది లోపలికి లాగే బదులు కిందికి ముక్కుతారు, దానివల్ల ఇంకా వదులవుతాయి. యూరిన్‌కి కూర్చున్నప్పుడు మధ్యలో ఆపి ఆపి చేయడం కూడా వద్దు. తుమ్ము వస్తోంది అనిపించగానే ఒకసారి బిగించడం అలవాటు చేసుకోండి. కనీసం 3 నెలలు చేయాలి, వారం చేసి లాభం లేదని వదిలేస్తే ఎలా? సరిగ్గా చేస్తున్నానో లేదో అనిపిస్తే ఫిజియోథెరపిస్ట్ నేర్పిస్తారు. మరి తాళం దగ్గర అర్జెంటుగా వచ్చినప్పుడు పరిగెత్తకండి, నిలబడి నాలుగైదు సార్లు గబగబా బిగించండి, ఆ ఉధృతి తగ్గాక నిదానంగా నడవండి.

నీళ్లు మానడం మాత్రం ఇవాళే ఆపేయండి. యూరిన్ చిక్కబడితే మూత్రసంచికి ఇంకా చిరాకు, ఇన్ఫెక్షన్, మలబద్ధకం అన్నీ వస్తాయి. రోజు మొత్తానికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, కొంచెం కొంచెంగా తాగండి, టీ కాఫీలు తగ్గించండి. టీచర్లు నీళ్లు మానేసేది స్కూల్లో బాత్రూమ్ బాగోక అని నాకు తెలుసు, దానిమీద హెడ్మాస్టర్ గారిని గట్టిగా అడగండి, అడగడం మీ హక్కు. బరువు ఎక్కువుంటే 5-10 శాతం తగ్గినా లీకేజీలో తేడా కనిపిస్తుంది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే అర్జెంటుగా వచ్చి ఆగనిదానికి టాబ్లెట్లున్నాయి, దగ్గితే పడేదానికి మూత్రనాళం కింద ఆధారం ఇచ్చే చిన్న ఆపరేషన్ ఉంది, యోనిలో పెట్టుకుని ఆధారంగా ఉంచే రింగ్ పెసరీ ఉంది. మీవారికి చెప్పండమ్మా, ఇందులో మీ తప్పేముంది?

ప్రశ్న: మా అత్తయ్యకి 71, షుగర్, బీపీ ఉన్నాయి. రాత్రి నాలుగైదుసార్లు లేస్తారు, బాత్రూమ్‌కి వెళ్లేలోపే యూరిన్ పడిపోతోంది. వయసైపోయింది ఇంతే అంటున్నారు అందరూ.
- ఒక కోడలు, విజయవాడ

జవాబు: వయసని వదిలేయకండి. షుగర్ అదుపులో ఉందో లేదో చూడండి, ఎక్కువుంటే యూరిన్ కూడా ఎక్కువే వస్తుంది. బీపీకి నీరు పోయే టాబ్లెట్ సాయంత్రం వేస్తున్నారేమో, డాక్టర్‌ని అడిగి పొద్దుటికి మార్పించండి. యూరిన్ పోసుకున్నాక లోపల ఎంత మిగిలిందో స్కాన్ తీయించండి, చాలాకాలం షుగర్ ఉన్నవాళ్లలో సంచి పూర్తిగా ఖాళీ అవక పొంగి కారడం ఉంటుంది, దానికి మందు వేరు. నెలసరి ఆగినవాళ్లకి యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ (ఆడవాళ్ల హార్మోన్) క్రీమ్ బాగా పనిచేస్తుంది, డాక్టర్ రాస్తేనే వాడాలి. అర్జెంటుగా రావడం తగ్గించడానికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్ లాంటి మాత్రలతో పెద్దవాళ్లకి మతిమరుపు, అయోమయం రావచ్చు కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనేయకండి. ఈలోగా మంచం పక్కన కమోడ్ కుర్చీ, దారిలో చిన్న లైటు పెట్టండి, చీకట్లో పరిగెత్తి తుంటి విరిగితే అది లీకేజీ కంటే పెద్ద కష్టం. యూరిన్‌లో రక్తం కనిపించినా, కాళ్లు తిమ్మిరెక్కి ఒక్కసారిగా అదుపు పోయినా ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.