మేడిగడ్డ కుంగిందని సివిల్ బ్రాంచి మానాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. మేడిగడ్డ కుంగినప్పటి నుంచి ప్రమాదాల మీద వచ్చిన పేపరు కటింగులన్నీ ఒక నోటుబుక్కులో అంటించుకుంటూ, సివిల్ గానీ కెమికల్ గానీ చదువుతానంటోంది. ఏది కూలినా సస్పెండయ్యేది ఇంజినీర్లే కదా! ఎకరం అమ్మయినా మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్ ఏఐలో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు, అంటే గేట్ల మధ్య నిలిచే కాంక్రీటు స్తంభాలు, కుంగిన నాటి నుంచి భూపాలపల్లి, కరీంనగర్, వరంగల్ తల్లిదండ్రులు ఇదే ప్రశ్నను మాటలు మార్చి నన్ను అడుగుతూనే ఉన్నారు. పైకి అడిగేది బ్రాంచిల పోలికే గానీ, లోపలి భయం మాత్రం రేపు ఎక్కడో ఏదో కూలితే మా బిడ్డ మీద నింద పడుతుందేమోనన్నదే. కనుక ముందు దానికే జవాబు చెబుతాను.

ఆ భయం ఉత్తదని నేను అనను. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలై ఏడుగురు మరణించారు. రాకెట్టు అతుకుల్లోని రబ్బరు రింగులు చలికి సాగే గుణాన్ని కోల్పోతాయని, ప్రయోగాన్ని ఆపాలని, ఆ రాకెట్టు తయారు చేసిన సంస్థ ఇంజినీర్లు ముందు రోజు రాత్రే వాదించగా పై అధికారులు వినలేదు. వారిలో ఒకరైన రోజర్ బోయిజోలీ, 1985 జులైలోనే ఈ లోపం ప్రాణాలు తీయగలదని రాతపూర్వకంగా హెచ్చరించి ఉన్నారు. విచారణలో ఆయన పక్షాన నిలిచింది ఆ కాగితమే. ఆ తరువాత సొంత సంస్థలోనే ఆయన ఒంటరియై ఉద్యోగం వదులుకోవలసి వచ్చిందన్న సంగతిని కూడా మీ దగ్గర దాచను. తెలిసినదాన్ని తెలిసినట్లు కాగితం మీద పెట్టడం ఈ వృత్తిలో రక్షణా అవుతుంది, కష్టమూ తెస్తుంది.

కంప్యూటరు ముందు కూర్చున్నవారికి ఈ బాధ ఉండదనుకుంటే పొరపాటు. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియన్-5 తొలి రాకెట్టు నిమిషమైనా గడవకముందే పేలిపోయింది. పాత ఏరియన్-4 నుంచి తెచ్చిపెట్టిన ప్రోగ్రాములో 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టకపోవడమే అందుకు మూలం. అంతకు ముందు, 1985–87 మధ్య, థెరాక్-25 అనే యంత్రం ప్రోగ్రాము లోపంతో క్యాన్సర్ రోగులకు మోతాదుకు అనేక రెట్లు మించి రేడియేషన్ ఇవ్వగా కొందరు ప్రాణాలు కోల్పోయారు.

ఏఐ పేరు తగిలించిన సీట్ల మీద నాకున్న అనుమానాలు కూడా చెప్పాలి. మంచి అధ్యాపకులున్న చోట అది మంచి చదువే. అయితే కొన్ని కళాశాలల్లో పాత కంప్యూటర్ సైన్స్ సిలబస్‌కే కొత్త బోర్డు తగిలించారని, దానిని లోతుగా బోధించగలవారు లేరని, అక్కడ చదివిన పిల్లలే నాతో చెబుతున్నారు. మొదటి అయిదేళ్ల జీతంలో సాధారణంగా కంప్యూటర్ వారిదే పైచేయి. సివిల్‌లో మొదట్లో జీతం తక్కువ, సైట్ల మీద ఎండలో తిరగాలి, చాలా సైట్లలో ఆడపిల్లలకు సరైన మరుగుదొడ్డి కూడా ఉండదు. మీరడిగిన పోలిక ఇంతే. ప్రోగ్రాములు రాయడం ఇష్టం లేని పిల్లను ఎకరం అమ్మి ఆ బ్రాంచిలో కూర్చోబెట్టిన తరువాత ఆ పైచేయి ఆమెకు దక్కుతుందన్న హామీని మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

కాస్త కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. నోటుబుక్కు నిండా కటింగులు దాచుకున్న పిల్ల వాటిలో ఏం వెతుకుతోందో మీరు ఒక్కనాడూ అడిగినట్లు లేదు. అలాంటి వెతుకులాటకు ఉద్యోగాలున్నాయి. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 రాత్రి మిథైల్ ఐసోసయనేట్ అనే విష రసాయనం ఉన్న ట్యాంకులోకి నీరు చేరేనాటికి, దానిని చల్లబరిచే యంత్రాన్ని నెలల కిందటే ఆపేశారు, వాయువును మండించే టవరు గొట్టాన్ని విప్పి ఉంచారు. ఆ విషవాయువు ఘోరం తరువాతే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది, ఆ మరుసటి ఏడాది ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు, పరిశ్రమల్లో భద్రతను చూసే కెమికల్ ఇంజినీర్లకు పని పెరిగింది. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ప్రతి డ్యామ్‌కూ యజమాని ఒక భద్రతా విభాగాన్ని నడపాలి. అక్కడ కావలసింది సివిల్ వారే. ర్యాంకు వస్తే 1959 నుంచి మీ ఊరి పక్కనే ఉన్న ఎన్‌ఐటీలో రెండు బ్రాంచిలూ ఉన్నాయి.

బేరం కుదుర్చుకునే ముందు ఒక ఆదివారం అమ్మాయిని రామప్పకు తీసుకెళ్లండి. 1213 నాటి శాసనం ఉన్న ఆ గుడి పునాదిలో ఇసుక నింపారు. మేడిగడ్డలో పునాది కింది ఇసుక కొట్టుకుపోవడం వల్లే పియర్లు కుంగాయని జాతీయ డ్యామ్ భద్రతా అథారిటీ కమిటీ చెప్పింది. ఒకచోట ఇసుక మోసింది, మరోచోట ఎందుకు మోయలేదో ఆమెనే అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఆమె చెప్పింది మీకు అర్థమైతే, ఎకరం సంగతి పక్కన పెట్టి, వెబ్ ఆప్షన్లకు ముందు ఆమె చేతనే నాకు ఉత్తరం రాయించండి.