చెట్టు వద్దని ఎందుకు అనలేదు?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. నిన్న పడుకోబోయే ముందు షెల్ సిల్వర్‌స్టీన్ రాసిన ‘ది గివింగ్ ట్రీ’ తెలుగులో చెబుతూ చదివాను. ఓ ఆపిల్ చెట్టు తనకిష్టమైన పిల్లాడికి కాయలు, కొమ్మలు, చివరికి మాను కూడా ఇచ్చేసి మోడుగా మిగులుతుంది. ‘చెట్టు సంతోషించింది’ అని నేను చదువుతుంటే పాప ఒకటే ఏడుపు. ‘చెట్టు వద్దని ఎందుకు అనలేదు?’ అంటుంది. ఎందుకో నాకూ గొంతు పట్టేసింది. మావారేమో దానగుణం నేర్పే కథకి ఏడవడమేంటి అంటారు. పుస్తకం దాచెయ్యనా?
- ఓ పాఠకురాలు

జవాబు: దాచకండి. పాప కథ సరిగ్గానే వింది.

నేను రెండో తరగతి పిల్లలకు చాలా ఏళ్లు ఈ కథ చదివి వినిపించాను. మొదట్లో నాదీ మీవారి పార్టీనే. ‘చూశారా, చెట్టు ఎంత మంచిదో’ అని పుస్తకం మూసేదాన్ని. ఓసారి వెనక బెంచీ పిల్లాడు లేచి, ‘టీచర్, కాయలైతే మళ్లీ కాస్తాయి. మాను రాదు కదా’ అన్నాడు. ఇంతలో గంట కొట్టారు, బతికిపోయాను.

ఇంటికెళ్లి మళ్లీ ఒక్కో పేజీ చూశాను. పిల్లాడు డబ్బు కావాలంటే కాయలు అమ్ముకోమంది, సంతోషించింది. ఇల్లు కావాలంటే కొమ్మలిచ్చింది, సంతోషించింది. దూరంగా పోవడానికి పడవ అడిగితే మాను నరుక్కోమంది. అక్కడా సంతోషించిందనే రాసి, వెంటనే నిజంగా మాత్రం కాదని చిన్న మాట చేర్చాడు రచయిత. అలా అన్నది అక్కడొక్కచోటే. గబగబా చదివితే జారిపోతుంది. మీరు చదివారా, దాటేశారా? నేను ఏళ్ల తరబడి దాటేశాను.

పిల్లాణ్ని దొంగ అనలేం. నరుక్కోమన్నది చెట్టే. కానీ ముసలివాడై తిరిగొచ్చేదాకా ఒక్కసారి థాంక్స్ చెప్పడు, ఒక్క చెంబుడు నీళ్లు పోయడు. పైగా చివర్లో ‘నీకివ్వడానికి నా దగ్గరేమీ లేదు’ అని నొచ్చుకునేదీ చెట్టే! నాకు మింగుడుపడనిది ఇదే. చివరికి ముసలివాడు ఆ మోడు మీద కూర్చోవడం కాదు.

మీ గొంతు ఎందుకు పట్టేసిందో నాకో అనుమానం. ఇంగ్లిష్ పుస్తకంలో చెట్టుని ‘ఆమె’ అన్నారు. మనం ‘అది’ అంటాం కాబట్టి తెలుగులో చెబితే ఆ సంగతి పోతుందనుకుంటాం. ఎక్కడ పోతుంది? చెట్టు ఇచ్చింది, అమ్మ ఇచ్చింది. మన క్రియకు ఇద్దరూ ఒకటే. మీరు రోజూ ఎన్ని ‘ఇచ్చింది’లు మోస్తున్నారో నాకు తెలీదు. పాపకి కొంత తెలుసేమో.

1964లో వచ్చిన పుస్తకమిది. ప్రేమంటే ఇదే అనేవాళ్లూ, పిల్లలకు చదవొద్దనేవాళ్లూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రచయిత మాత్రం ఒకరు ఇస్తారు, ఒకరు పుచ్చుకుంటారు, అంతే అని ఊరుకున్నాడు. మీరూ తీర్పు చెప్పకండి. ‘నువ్వే చెట్టువైతే ఏది ఇస్తావు, ఏది ఇవ్వవు?’ అని పాపనే అడగండి. మా క్లాసులో ఓ అమ్మాయి, ‘కాయలన్నీ ఇస్తా. కొమ్మలు సగమే, ఊయలకి ఉండాలిగా’ అంది. ఇంకొకడు ఆకులు తప్ప ఏమీ ఇవ్వనన్నాడు. పిసినారి అని అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. అడిగితే పిల్లలు బేరం బాగా ఆడతారు. వద్దనడం తప్పని వాళ్లకి ఎవరూ ఇంకా చెప్పలేదు మరి.

ఈసారి మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పడవ పేజీ రాగానే పుస్తకం పాప చేతికిచ్చి, బొమ్మ చూసి కథ చెప్పమనండి. మధ్యలో ఇద్దరూ సరిదిద్దొద్దు.