‘సివిల్ నేరం’ అనొచ్చా?

సందేహం: లా విద్యార్థుల కోసం పాఠాలు తెలుగులోకి అనువదిస్తున్నాను. ‘టార్ట్’ని, అంటే సివిల్ కోర్టులో పరిహారం కోరదగ్గ తప్పుని, కొందరు సివిల్ నేరం అంటున్నారు, కొందరు అపకృత్యం అంటున్నారు. ‘పోటీ సంస్థ పేరును పోలిన పేరుతో సరుకు అమ్మి, ఉద్దేశపూర్వక సివిల్ నేరానికి పాల్పడిన కంపెనీకి కోర్టు పది లక్షల జరిమానా విధించింది’ అని రాశాను. సరిగ్గానే ఉందా?

సమాధానం: ‘సివిల్ నేరం’ మాత్రం వద్దండి. నేరం అనగానే మనకి పోలీసులు, ఎఫ్‌ఐఆర్, జైలు గుర్తొస్తాయి. టార్టులో అవేవీ ఉండవు, నష్టపోయినవాడు తానే సివిల్ కోర్టుకెళ్లి దావా వేసుకుంటాడు, గెలిస్తే నష్టపరిహారమో, ఆ పని ఆపమనే ఇంజంక్షన్ ఆర్డరో తెచ్చుకుంటాడు. ఒకే పనికి రెండు దారులూ ఉండొచ్చు. పరువునష్టమే చూడండి, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద అది రెండేళ్ల దాకా జైలు పడగల నేరం, అదే మాటకి విడిగా సివిల్ దావా కూడా వేయొచ్చు. అందుకే ‘పరువునష్టం దావాలో దోషిగా తేలాడు’ అని రాస్తే చదివేవాళ్లకి ఏ కోర్టు సంగతో అర్థం కాదు. దావాలో ప్రతివాది ఉంటాడు, దోషి ఉండడు.

అపకృత్యం తప్పు మాట కాదు, లా పుస్తకాల్లో ఉన్నదే. కాకపోతే మామూలు పాఠకుడికి అది ఏదో ఘోరం చేసినట్టు వినిపిస్తుంది. నేనైతే టార్టు అనే రాసి, మొదటిసారి వచ్చిన చోట ‘ఒప్పందంతో పనిలేకుండానే, ఎదుటివాడికి పరిహారం కట్టాల్సి వచ్చే తప్పు’ అని విప్పి చెప్తాను.

అసలు చిక్కు ‘ఉద్దేశపూర్వక’ దగ్గర ఉంది. వాడుకలో ‘కావాలనే చేశాడు’ అంటే కక్షతో చేశాడనే. చట్టం అడిగేది అది కాదు. పక్కవాడి పొలాన్ని తన పొలమే అనుకుని నిజాయితీగా గట్టు దాటి వెళ్లి చెట్లు కొట్టించినవాడికి ఏ దురుద్దేశమూ లేదు, అయినా అది ఉద్దేశపూర్వక టార్టే, ఎందుకంటే ఆ నేలమీదికి వెళ్లడం, ఆ చెట్లు కొట్టించడం అతను తెలిసి చేసిన పనులే. కాలు జారి అవతల పడ్డవాడి సంగతి వేరు. కాబట్టి ఇలాంటి టార్టుల దగ్గర ‘ఉద్దేశపూర్వక’ అని రాయండి, ‘దురుద్దేశంతో’ అని ఎక్కడా మార్చకండి, ఆ ఒక్క ‘దుర్’ వల్ల చట్టమే మారిపోతుంది.

ఇక మీ వాక్యంలోని కంపెనీ. మన సరుకుని ఇంకొకరి సరుకుగా చలామణి చేయడం వ్యాపార టార్టుల్లో ఒకటి. ‘చలామణి’ చక్కటి మాట, దొంగనోట్ల విషయంలో రోజూ వాడేదే, ఇక్కడా సరిగ్గా అతుకుతుంది. దీన్ని ‘మోసం’ అని మాత్రం రాయొద్దు. ఈ దావా గెలవాలంటే మోసగించాలన్న ఉద్దేశం నిరూపించనక్కర్లేదు, తన పేరుకి జనంలో గుర్తింపు ఉందని, కొనేవాళ్లు తికమకపడే అవకాశం ఉందని, దానివల్ల తనకి నష్టమని చూపిస్తే చాలు. అంటే మీ ‘ఉద్దేశపూర్వక’ ఇక్కడ అసలు అక్కర్లేదు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కి అప్పట్లో అనుబంధ సంస్థ అయిన సత్యం ఇన్ఫోవే ‘సిఫీ’ పేరు విషయంలో, దాన్ని పోలిన ‘సిఫ్ఫీనెట్’ పేరు పెట్టుకున్న సంస్థపై కోర్టుకెళ్తే, 2004లో సుప్రీంకోర్టు ఈ సూత్రం ఇంటర్నెట్ చిరునామాలకీ వర్తిస్తుందని చెప్పింది. వ్యాపార టార్టులన్నీ ఇలా ఉండవు. 1853 నాటి లండన్ కేసులో ఒక థియేటర్ యజమాని, వేరే థియేటర్‌తో ఒప్పందంలో ఉన్న గాయనిని ఎక్కువ డబ్బు ఆశచూపి లాక్కున్నాడన్నది ఆరోపణ. అక్కడ ఒప్పందం సంగతి తెలిసి కూడా లాక్కోవడమే కీలకం, కాబట్టి ‘తెలిసీ’ అన్న మాట అనువాదంలో పోకూడదు.

జరిమానా కూడా తీసేయండి, అది ప్రభుత్వానికి పోతుంది. ఈ డబ్బు వాదికి వస్తుంది. మీ వాక్యం ఇలా రాసుకోవచ్చు: ‘పోటీ సంస్థ పేరును పోలిన పేరుతో తన సరుకుని చలామణి చేసిన కంపెనీ, ఆ సంస్థకు పది లక్షలు నష్టపరిహారం చెల్లించాలని కోర్టు డిక్రీ ఇచ్చింది.’