హెచ్చరిక రాకముందే చేయాల్సిన పని

ప్రశ్న: మాది నాగాయలంక దగ్గర పల్లె. తుపాను అనగానే ఊరంతా టెన్షన్. మేం పదిమంది కుర్రాళ్లం ఏమైనా చేయగలమా?

జవాబు: బోలెడు చేయొచ్చు, కానీ ఇప్పుడే మొదలెట్టండి. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి మీ దివిసీమ పెద్దల్ని అడిగితే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపిస్తారు. ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డ ముసలివాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్లు ఎవరున్నారో, వాళ్లని ఎవరు ఏ బండిలో తుపాను షెల్టర్‌కి చేర్చాలో నోట్‌బుక్‌లో రాసుకోండి, ఫోన్‌లో మాత్రం వద్దు, కరెంటు పోతే చార్జింగ్ ఉండదు. షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో కూడా కనుక్కోండి (అర్ధరాత్రి అసలు గొడవ అక్కడే!). గేదెల్ని వదిలి రామనేవాళ్లు ఉంటారు, వాళ్లతో వాదన పెట్టుకోకుండా పలుపులు విప్పి పశువుల్ని మెరకకి తోలే మనిషిని ముందే పెట్టుకోండి. ఇక వరదలో చిక్కుకున్నవాళ్లని కాపాడటం, ప్రథమ చికిత్స లాంటివాటికి ఆపద మిత్ర (విపత్తుల్లో సాయపడే వాలంటీర్ల కోసం ప్రభుత్వం పెట్టిన పథకం) శిక్షణ ఉంది, కలెక్టరేట్‌లో విపత్తు నిర్వహణ విభాగాన్ని అడగండి.